మొక్కల తొట్టికి కానిస్టర్ ఫిల్టర్‌లో ఏ మీడియా నింపాలి?

గాజుతోట, ఎంవీపీ కాలనీ

అందరికీ నమస్కారం. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న గాజు తొట్టిని పూర్తిగా మొక్కల కోసమే సిద్ధం చేస్తున్నాను. అడుగున వేసే మట్టి, దుంగలు, పైన వదిలే ఖాళీ తీసివేస్తే అందులో సుమారు 150 లీటర్ల నీరు నిలుస్తుంది. దీనికి మూడు బుట్టలున్న కానిస్టర్ ఫిల్టర్ (తొట్టి బయట ఉండి, పంపుతో నీటిని తన బుట్టల గుండా తిప్పే మూత డబ్బా) తీసుకున్నాను. పెట్టె మీద గంటకు 1000 లీటర్లు అని రాసి ఉంది. వాలిస్నేరియా, క్రిప్టోకొరైన్, రొటాలా నాటి, దుంగలకు జావా ఫెర్న్, అనూబియాస్ కట్టి, అవి నిలదొక్కుకున్నాక చిన్న టెట్రా చేపల గుంపును, చెర్రీ రొయ్యలను వదలాలని ఉంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా అమరుస్తాను.

ఫిల్టర్ బుట్టల్లో మీడియాగా, అంటే నీటిని శుభ్రం చేసే సరుకుగా, ఏం నింపాలన్న దగ్గర ఆగిపోయాను. ఒక దుకాణదారు కింది బుట్టలో సిరామిక్ రింగులు, నడిమి బుట్టలో యాక్టివేటెడ్ కార్బన్, పై బుట్టలో జియోలైట్ పెట్టమన్నారు. మరొకరు అవేవీ వద్దని, మూడు బుట్టల్లోనూ ఖరీదైన సింటర్డ్ గ్లాస్ (సన్నటి రంధ్రాలుండేలా చేసిన గాజు) నింపితే ఏళ్ల తరబడి మూత తీయనక్కర్లేదని చెప్పారు. ప్యాకెట్ల మీద చూస్తే లీటరు మీడియాకు ఇన్ని వందల చదరపు మీటర్ల ఉపరితలం ఉందంటూ ఒకరిని మించి ఒకరు అంకెలు వేస్తున్నారు. ఆ అంకెలను బట్టి ఎంచుకోవచ్చా, లేక మొక్కల తొట్టికి ప్రత్యేకంగా చూడవలసినది వేరే ఉందా? మా అపార్ట్‌మెంట్‌లో జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) నీరూ బోరు నీరూ ఒకే ట్యాంకులో కలిసి వస్తాయి. అది కూడా దృష్టిలో పెట్టుకొని చెప్పగలరు.

నీటిమల్లి, సీతమ్మధార

గాజుతోట గారూ, ఫిల్టర్ మీడియా గురించి మనకు దొరికే సలహాల్లో చాలా భాగం మొక్కలు లేని తొట్లను దృష్టిలో పెట్టుకొని చెప్పినవి. చేపలు మాత్రమే ఉన్నచోట వాటి మొప్పల నుంచి వెలువడే అమ్మోనియా, మిగిలిపోయిన మేత కుళ్లగా వచ్చే అమ్మోనియా అంతా ఫిల్టర్‌లోని సూక్ష్మజీవుల మీదే పడుతుంది. అవి దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మార్చకపోతే చేపలు బతకవు. అందుకే అక్కడ ఎంత ఉపరితలం ఉంటే అంత మంచిదన్న మాట పుట్టింది. ఏపుగా పెరుగుతున్న మొక్కలు నిండా ఉన్న తొట్టిలో పరిస్థితి వేరు. చాలా నీటి మొక్కలు నైట్రేట్ కంటే అమ్మోనియం (నీటిలో అమ్మోనియాకు ఉండే మరో రూపం) రూపంలో ఉన్న నత్రజనినే ముందు తీసుకుంటాయి, ఎందుకంటే నైట్రేట్‌ను తీసుకున్నా మళ్లీ లోపల అమ్మోనియంగా మార్చుకోవడానికి శక్తి ఖర్చు పెట్టాలి. అంటే మీ తొట్టిలో ప్రతి ఆకూ కొంత ఫిల్టర్ పని చేస్తూనే ఉంటుంది.

అలాగని ఫిల్టర్ అక్కర్లేదని నేను అనడం లేదు; దాని పనుల వరుస మారుతుందని అంటున్నాను. మొదటి పని నీటిని తొట్టి అంతటా కదిలించడం. కార్బన్ డయాక్సైడ్, ఇనుము, పొటాషియం ప్రతి ఆకు దగ్గరికీ చేరాలంటే ఆ ప్రవాహమే దిక్కు. రెండో పని తేలే చెత్తను పట్టుకోవడం. సూక్ష్మజీవులకు నివాసం ఇవ్వడం ఆ తర్వాతి మాట. కాబట్టి నేను మీడియాను ఎంచేటప్పుడు ప్యాకెట్ మీద చదరపు మీటర్లను చూడను. అది నీటిని ఎంతకాలం అడ్డుకోకుండా పోనిస్తుంది, మడ్డి నిండినప్పుడు ఎంత తేలిగ్గా కడగవచ్చు అన్న రెండే చూస్తాను.

మీకు నా సలహా ఇది. నీరు మొదట చేరే బుట్టలో ముతక స్పాంజి పెట్టండి. అంగుళానికి 20 రంధ్రాల రకం బాగుంటుంది. రెండో బుట్టలో 30 రంధ్రాల స్పాంజి. మూడో బుట్టలో మీకు నచ్చిన రాయి జాతి మీడియా, అంటే ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి) గానీ లావా రాయి గానీ మామూలు సిరామిక్ రింగులు గానీ వేసి, దాని పైన పలచటి పాలిస్టర్ దూది పొర. చాలా కానిస్టర్లలో నీరు కింది నుంచి పైకి వెళుతుంది గానీ అన్నింటిలోనూ కాదు, కనుక ముందు మీ ఫిల్టర్‌లో నీటి దారి ఎటో చూసుకోండి. దుకాణదారు చెప్పినట్లు రింగులను మొట్టమొదట పెడితే చెత్త అంతా వాటి సందుల్లోకే చేరుతుంది, రింగుల మధ్య ఇరుక్కున్న మడ్డిని వదిలించడం స్పాంజిని పిండినంత సులువు కాదు.

స్పాంజిని బుట్ట కొలతకు కాస్త ఎక్కువగానే కత్తిరించి, అంచులు బుట్ట గోడలకు ఒత్తుకొనేలా కూర్చోబెట్టండి. వేలు దూరేంత సందు ఉంటే చాలు, స్పాంజి మురికి పట్టే కొద్దీ నీరంతా ఆ సందులోంచే వెళ్లిపోతుంది. నేను చూసిన చాలా ఫిల్టర్లలో మీడియా కన్నా ఈ సందే పెద్ద సమస్య.

తెన్నేటి తీరం, లాసన్స్ బే కాలనీ

నీటిమల్లి గారి మాటల్లో చాలావరకు ఒప్పుకుంటాను గానీ సింటర్డ్ గ్లాస్‌ను అంత తేలిగ్గా పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. సెరా వారి సిపోరాక్స్ వంటివి, ప్యూమిస్‌తో చేసిన సీకెమ్ మ్యాట్రిక్స్ వంటివి ఎన్నో ఏళ్లుగా నా తొట్లలో ఉన్నాయి. చిట్లవు, అరగవు, ప్రతిసారీ కొత్తవి కొననక్కర్లేదు. స్పాంజి అయితే కొన్నేళ్లకు మెత్తబడి కూలిపోతుంది.

ఇంకొక కారణం కూడా ఉంది. గాజుతోట గారి మొక్కలు కొత్తవి. కొత్తగా నాటిన క్రిప్టోకొరైన్ తరచుగా ఉన్న ఆకులన్నీ కరిగించుకొని మళ్లీ చిగురిస్తుంది. ఆ వారాల్లో మొక్కలు అమ్మోనియాను తీసుకోవడం అటుంచి, తామే కుళ్లి అమ్మోనియాను కలుపుతాయి. పోషకాలు కలిపి కాల్చిన అక్వేరియం మట్టి వేస్తే, మొదట్లో అది కూడా అమ్మోనియాను వదులుతుంది. ఆ సమయంలో ఆదుకోవలసింది ఫిల్టరే. అప్పుడు ఎక్కువ ఉపరితలం ఉన్న మీడియా ఉంటే నష్టమేమిటి?

సూక్ష్మదర్శి, మద్దిలపాలెం

నేను సూక్ష్మజీవశాస్త్రం చదివినవాణ్ణి కాబట్టి ఈ ఉపరితలం సంగతిని కొంచెం వివరంగా రాస్తాను.

ఫిల్టర్‌లో ఎవరు పని చేస్తున్నారన్న అవగాహన గత మూడు దశాబ్దాల్లో చాలా మారింది. నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేది నైట్రోబ్యాక్టర్ అని పాత పుస్తకాలు చెప్పేవి. మంచినీటి అక్వేరియంలలో ఆ పని చేసేవి ప్రధానంగా నైట్రోస్పైరా జాతివని 1998లో వెలువడిన పరిశోధన చూపింది. అమ్మోనియాను మార్చే తొలి మెట్టులో బ్యాక్టీరియా కన్నా ఆర్కియా అనే వేరే తరగతి జీవులదే చాలా మంచినీటి తొట్లలో పైచేయి అని 2011లో మరో పరిశోధన వచ్చింది. రెండు మెట్లనూ ఒకే జీవి పూర్తి చేయగల నైట్రోస్పైరా రకాలు ఉన్నాయని 2015లో బయటపడింది. వాటిలో కొన్నింటిని చేపల పెంపక వ్యవస్థలోని బయోఫిల్టర్‌లోనే కనుగొన్నారు.

వీటన్నింటికీ ఉమ్మడి అవసరం ఒకటుంది: ఆక్సిజన్. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి సుమారు 4.6 గ్రాముల ఆక్సిజన్ కావాలి. కాబట్టి ఈ జీవులు ఆక్సిజన్‌తో కూడిన నీరు తమ మీదుగా పారే చోటనే బాగా పనిచేస్తాయి. ప్యాకెట్ మీద రాసే చదరపు మీటర్లలో అధిక భాగం కంటికి కనిపించనంత సన్నటి రంధ్రాల లోపలి గోడలది. మీడియా పైన జీవపొర పట్టగానే ఆ రంధ్రాల నోళ్లు మూసుకుపోతాయి. లోపలికి నీరు ప్రవహించదు, ఆక్సిజన్ మెల్లగా ఊరవలసిందే, అదీ పైపొరలోని జీవులే వాడేసుకున్నాక మిగిలితేనే. తలుపులు బిగుసుకుపోయిన ఇంట్లో ఎన్ని గదులుంటే ఏం లాభం?

లోపలి భాగంలో ఆక్సిజన్ లేని చోట వేరే బ్యాక్టీరియా నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి నీటిని శుభ్రం చేస్తాయని కూడా తయారీదారులు చెబుతారు. ఆ ప్రక్రియ ప్రకృతిలో ఉన్నదే. అయితే మొక్కల తొట్టిలో నైట్రేట్ ఎరువు; చాలామంది పొటాషియం నైట్రేట్‌ను కొని మరీ వేస్తున్నారు. ఒక పక్క కొని పోస్తూ ఇంకో పక్క తొలగించడానికి ఖరీదైన మీడియా పెట్టుకోవడంలో అర్థం లేదు.

తెన్నేటి తీరం గారు లేవనెత్తిన తొలి వారాల సంగతి మాత్రం చాలా సరైనది. కానీ అప్పుడు కొరత ఉపరితలానిది కాదు, జీవులది. కొత్త మీడియా లీటర్ల కొద్దీ ఉన్నా దాని మీద ఏమీ పెరగనంతవరకు అది ఉత్త రాయే. బాగా నడుస్తున్న తొట్టి ఉన్న స్నేహితుల దగ్గర పాత స్పాంజి ముక్క ఒకటి తెచ్చుకొని బుట్టలో పెడితే, ఏ బ్రాండ్ కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. దారిలో అది ఆరిపోకుండా తడిగా ఉంచండి, మూత బిగించిన డబ్బాలో గంటల కొద్దీ వదిలేయకండి. ఆ తొట్టిలో జబ్బు చేపలు గానీ, మీకు అక్కర్లేని నత్తలు గానీ లేవని ముందే అడిగి తెలుసుకోండి.

నత్తగుల్ల, గాజువాక

సూక్ష్మదర్శి గారు చెప్పినదాన్ని నేను కంటితో చూశాను. చాలాకాలంగా నడుస్తున్న ఫిల్టర్‌ను శుభ్రం చేస్తూ ఒక సిరామిక్ రింగును శ్రావణంతో రెండుగా విరిచాను. వెలుపలి అంచున గోటితో గీకితే వచ్చే ముదురు గోధుమ రంగు పొర ఉంది, దాని కింద లేత పసుపు చార పలచగా ఉంది, ఆ లోపల రింగు గోడ మధ్య భాగమంతా కొత్త రింగులో ఉన్నంత తెల్లగా ఉంది. అదే బుట్టలోని ముతక స్పాంజిని కోసి చూస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే గోధుమ రంగు. రంగును చూసి జీవులను లెక్కించలేమని నాకు తెలుసు గానీ, నీరు ఎక్కడి దాకా చేరుతోందో అది చెబుతుందని నమ్ముతున్నాను.

గాజుతోట, ఎంవీపీ కాలనీ

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. స్పాంజిని ప్రధానంగా పెట్టుకోవాలన్న నిర్ణయానికి వచ్చాను. ఇంక కార్బన్, జియోలైట్ సంగతి తేలాలి. నా దుంగలు కొత్తవి, నానబెట్టిన నీరు టీ డికాక్షన్ రంగులోకి మారుతోంది. ఆ రంగు పోవడానికైనా కార్బన్ పెట్టాలా? అలాగే రాయి జాతి మీడియాకు బదులు మన ఊళ్లో సులువుగా దొరికేవి ఏవైనా వాడవచ్చా?

నీటిమల్లి, సీతమ్మధార

జియోలైట్‌ను పూర్తిగా మరచిపోండి. అది అమ్మోనియంను పట్టుకొని బదులుగా సోడియం వంటి అయాన్లను వదిలే ఖనిజం. మొక్కలకు ఆహారమైన దాన్నే దాచిపెడుతుంది, నిండిపోయాక పనిచేయదు. అంతకన్నా ముఖ్యమైన ప్రమాదం ఇంకొకటి. జియోలైట్‌ను తిరిగి వాడుకోవడానికి ఉప్పునీటిలో నానబెడతారు, ఎందుకంటే ఉప్పు ఎక్కువైతే అది పట్టుకున్న అమ్మోనియంను వదిలేస్తుంది. మన దగ్గర చేపకు ఏ చిన్న నలత వచ్చినా తొట్టిలో గుప్పెడు కల్లుప్పు వేయమని చెప్పడం అలవాటు. ఫిల్టర్‌లో జియోలైట్ ఉండగా ఆ పని చేస్తే, అప్పటిదాకా కూడబెట్టినదంతా ఒక్కసారిగా నీటిలోకి వస్తుంది.

కార్బన్ చెడ్డది కాదు, నిత్యం ఉంచవలసినది కాదు. చేపలకు మందు వేసి వైద్యం ముగిశాక ఆ మందును తీయడానికి, దుంగ రంగును తగ్గించడానికి కొన్ని వారాలు పెట్టి తీసివేయవచ్చు. ఎప్పుడూ ఉంచితే ద్రవ ఎరువుల్లోని సేంద్రియ పదార్థంతో ముడిపడ్డ ఇనుమును కూడా కొంత లాగేస్తుంది. పొయ్యిలోని బొగ్గు యాక్టివేటెడ్ కార్బన్ కాదు. దాన్ని నలగ్గొట్టి పెట్టడం వల్ల ప్రయోజనం లేదు.

రంగు మాత్రమే ఇబ్బంది అయితే సీకెమ్ ప్యూరిజెన్ మెరుగు. అది నీటిలో కరిగిన సేంద్రియ పదార్థాన్ని పట్టే సన్నటి తెల్ల గుళికల రెసిన్; వాడిన కొద్దీ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది కాబట్టి ఎప్పుడు నిండిందో చూస్తే తెలుస్తుంది. సువాసన, సబ్బు కలవని మామూలు బ్లీచ్‌ను సమానమైన నీటితో కలిపి అందులో 24 గంటలు ఉంచి, బాగా కడిగి, క్లోరిన్‌ను విరిచే కండిషనర్‌లో నానబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. బ్లీచ్ వాసన ఏ మాత్రం ఉన్నా ఫిల్టర్‌లో పెట్టకూడదు. చేపల జిగురుపొరను పెంచుతామని చెప్పే రకం కండిషనర్లలో కొన్ని ప్యూరిజెన్‌ను శాశ్వతంగా పాడుచేయగలవని తయారీదారే హెచ్చరిస్తున్నారు. దుంగనైతే ముందుగా నానబెట్టి, వీలైతే మరిగించి, నీరు మారుస్తూ ఉంటే సగం పని అక్కడే అయిపోతుంది.

మీరు రొయ్యలను వదలబోతున్నారు కనుక బాదం ఆకులు వేయాలనిపించవచ్చు. వీధి చివరి నాటు బాదం చెట్టు కింద రాలిన ఎండుటాకులు వాటికి నిజంగానే ఇష్టం. అప్పుడు ప్యూరిజెన్ తీసేయండి. ఒకటి వదిలే రంగును ఒకటి లాగుతూ ఉంటే రెండూ వృథా.

ఉక్కునగరం మత్స్యం, ఉక్కునగరం

స్థానికంగా దొరికే పదార్థాల గురించి నేను చెబుతాను, ఎందుకంటే చాలావాటిని పరీక్షించి చూశాను.

గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు చాలా మంచి మీడియా. పూర్ణా మార్కెట్‌లో సంచీల లెక్కన దొరుకుతుంది. నీరు దాన్ని దాటి హాయిగా పోతుంది, ఎన్నిసార్లు కడిగినా చెడదు. సబ్బు పట్టించినవీ, ఇనుప తీగవీ కాకుండా ఉత్త ప్లాస్టిక్‌వే చూసి తీసుకోవాలి. దిండ్లలో కూరే పాలిస్టర్ దూది కూడా చివరి పొరకు సరిపోతుంది. పరిమళం, రంగు, ఇతర పూతలు లేనిదై ఉండాలి.

బాగా కాలిన ఎర్ర ఇటుక ముక్కలను, పాత బంగాళా పెంకుల ముక్కలను శుభ్రంగా కడిగి వాడేవాళ్లున్నారు. వాటికి అంటుకున్న సున్నం, సిమెంటు మాత్రం నీటిని గట్టిపరుస్తాయి. ఏ రాయినైనా ముందు దాని మీద కొంచెం వెనిగర్ వేసి చూడండి. బుడగలు వస్తే అందులో కార్బనేట్ ఉంది, పక్కన పెట్టండి. పగడపు ముక్కలు, గవ్వలు, గుల్లలు ఈ కారణం చేతనే మన తొట్లకు పనికిరావు. బోరు నీరు కలిసే ఇళ్లలో కాఠిన్యం ఎలాగూ ఉంటుంది, దాన్ని మళ్లీ ఫిల్టర్ నుంచి పెంచుకోనక్కర్లేదు. సముద్రపు ఒడ్డు ఇసుకలోనూ గుల్లల పొడి ఉంటుంది.

మా దగ్గర కొందరికి ఉక్కు కర్మాగారంలో మిగిలే స్లాగ్ రాయి మీద మనసుపోతుంది, చూడటానికి లావా రాయిలా బెజ్జాలతో ఉంటుంది కాబట్టి. బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్ కాల్షియం సిలికేట్లతో నిండిన పదార్థం. నీటిలో క్షారతను పెంచుతుంది. దయచేసి చేపలున్న నీటిలో వాడకండి. కొబ్బరి పీచు నానాక కుళ్లుతుంది, అదీ వద్దు.

వేపచెట్టు, భీమిలి

భీమిలి రోడ్డులోని ఎర్రమట్టి దిబ్బల నుంచి గట్టి ఎర్ర గులకలు తెచ్చి కడిగి ఫిల్టర్‌లో వేయవచ్చా? ఇనుము ఉంటుంది కాబట్టి మొక్కలకు కూడా మంచిదని ఒకరు చెప్పారు.

వేదిక నిర్వాహకులు

వేపచెట్టు గారూ, ఎర్రమట్టి దిబ్బలు రక్షిత భూవారసత్వ ప్రదేశం. అక్కడి నుంచి గుప్పెడు మట్టి కూడా తీసుకురాకూడదు. ఈ వేదికలో ఎవరూ అటువంటి సలహా ఇవ్వవద్దని కోరుతున్నాము. విషయపరంగా చూసినా ఆ ఎర్రదనం ఇనుప ఆక్సైడ్ వల్ల వచ్చింది, అది ఫిల్టర్‌లో పారే నీటిలో కరిగి మొక్కలకు అందే రూపం కాదు.

సూక్ష్మదర్శి, మద్దిలపాలెం

గాజుతోట గారు నీటి సంగతి అడిగారు, దానికి ఎవరూ జవాబు రాయలేదు. ఇది మీడియా ఎంపికతో నేరుగా ముడిపడిన విషయమే.

అమ్మోనియా పరీక్షలో వచ్చే అంకె అమ్మోనియం, అమ్మోనియా రెండింటి మొత్తం. చేపలకు విషం అమ్మోనియా రూపమే. నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, పీహెచ్ (ఆమ్లత, క్షారతల కొలత) 7 ఉన్నప్పుడు ఆ మొత్తంలో విష రూపం ఒక శాతం కూడా ఉండదు. అదే ఉష్ణోగ్రతలో పీహెచ్ 8 అయితే సుమారు 7.5 శాతం ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ పడే మొక్కల తొట్టిలో పగలు పీహెచ్ తగ్గుతుంది కాబట్టి కొంత రక్షణ ఉంది. రాత్రి వాయువు ఆపాక పీహెచ్ మళ్లీ పెరుగుతుంది. బోరు నీటి వాటా ఎక్కువైతే ఎంతవరకు పెరుగుతుందో మీరే పరీక్షించి చూసుకోవాలి, వీధి వీధికీ బోరు నీరు మారుతుంది.

కొళాయి నీటిలోని క్లోరిన్ మీ మీడియాకు శత్రువు. స్పాంజిని ఎప్పుడూ కొళాయి కింద పట్టి కడగవద్దు. నీరు మార్చేటప్పుడు తొట్టిలోంచి తీసిన నీటిని బకెట్‌లో పట్టి, అందులో పిండి, మళ్లీ పెట్టేయండి. తెల్లగా అయ్యేదాకా కడగడం కూడా తప్పే. నీరు ధారాళంగా పోతే చాలు.

హార్బర్ దీపం, దాబాగార్డెన్స్

ఇక్కడి వేడి గురించి, కరెంటు గురించి ఎవరూ మాట్లాడకపోవడం చూసి రాస్తున్నాను. విశాఖ వేసవిలో ఏసీ లేని గదిలో తొట్టి నీరు 30 డిగ్రీలు దాటడం మామూలే. 25 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలదు, 30 డిగ్రీల దగ్గర అది 7.6కు పడిపోతుంది. చేపలకూ ఫిల్టర్‌లోని జీవులకూ వేడిలో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది. రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్‌ను తీసుకోవడమే తప్ప ఇవ్వవు. అందువల్ల మే నెలలో మడ్డి నిండిన ఫిల్టర్ అన్నింటికన్నా పెద్ద దొంగ. ఆ మడ్డి కుళ్లడానికే ఎంతో ఆక్సిజన్ పోతుంది. చల్లటి దేశాల వారు ఆరు నెలలకొకసారి తెరవమని రాసే సలహాను ఇక్కడ యథాతథంగా పాటించకండి. ముతక స్పాంజిని వేసవిలో నెలకొకసారి పిండటం మంచిది. సులువుగా కడిగే మీడియా ఎంచుకోమని నీటిమల్లి గారు అన్నదానికి అసలు బలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఇక కరెంటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక మన ఊళ్లో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. కానిస్టర్ మూత బిగించిన డబ్బా. పంపు ఆగిందంటే లోపలి జీవులు అందులో ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ వాడేసుకుంటాయి, ఆ తర్వాత అవి చావడం, నీరు కుళ్లు వాసన కొట్టడం మొదలవుతుంది. ఆ నాలుగైదు రోజులు మా వీధిలో తొట్టి నిలిచిన ఇళ్లన్నీ బ్యాటరీ గాలి పంపుతో నడిచే మామూలు స్పాంజి ఫిల్టర్ ఉన్నవే.

కాబట్టి తొట్టి లోపల ఒక మూల చిన్న స్పాంజి ఫిల్టర్‌ను ఎప్పుడూ నడుపుతూ ఉండండి, దానికి బ్యాటరీ పంపు ఒకటి సిద్ధంగా పెట్టుకోండి. కార్బన్ డయాక్సైడ్ వృథా అవుతుందనుకుంటే వాయువు ఆపిన రాత్రి పూట మాత్రమే నడపవచ్చు. కరెంటు గంటల కొద్దీ రాదని తెలిస్తే కానిస్టర్ తెరిచి, మీడియా బుట్టలను తీసి నేరుగా తొట్టి నీటిలో పెట్టి, పక్కన గాలి బుడగలు వదలండి. స్పాంజి, పీచు, రింగులు దేనికైనా ఇది వర్తిస్తుంది. అలా చేయడం కుదరక పంపు చాలాసేపు ఆగిపోయి ఉంటే, కరెంటు వచ్చిన వెంటనే స్విచ్ వేయకుండా ముందు డబ్బాలోని నీటిని పారబోసి, మీడియాను తొట్టి నీటితో కడిగి, అప్పుడు నడపండి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఫిల్టర్ ప్లగ్గును దాని లైనుకు మార్పించుకోవడం అన్నింటికన్నా ఉత్తమం; ఇటువంటి పంపులు తక్కువ కరెంటే తీసుకుంటాయి.

తెన్నేటి తీరం, లాసన్స్ బే కాలనీ

హార్బర్ దీపం గారు రాసినది చదివాక నా మాటను కొంత సవరించుకుంటున్నాను. గాజుతోట గారి తొట్టిలాంటి వాటికి స్పాంజే ముందు. అయితే గోల్డ్‌ఫిష్‌లు, పెద్ద సిక్లిడ్లు ఉండి, మొక్కలంటే రెండు అనూబియాస్ మాత్రమే ఉన్న తొట్లకు ఈ చర్చలోని లెక్క వర్తించదని చదివేవారు గమనించాలి. అక్కడ ఆకులు చేసే సాయం స్వల్పం. మీడియా ఎక్కువే కావాలి, రాయి జాతి మీడియాకు చోటు కూడా ఎక్కువే ఇవ్వాలి. దాని ముందు ముతక స్పాంజి తప్పనిసరి అన్నది మాత్రం అక్కడా మారదు.

గాజుతోట, ఎంవీపీ కాలనీ

మీ అందరి మాటలను బట్టి అమర్చుకున్నాను. కింది బుట్టలో అంచులకు ఒత్తుకొనేలా కోసిన ముతక స్పాంజి, నడిమి బుట్టలో మధ్యరకం స్పాంజి, పై బుట్టలో సగం ప్లాస్టిక్ పీచు, సగం ప్యూమిస్, వాటి మీద పాలిస్టర్ దూది. నీరు తోడే గొట్టం మూతికి రొయ్య పిల్లలు లోపలికి పోకుండా స్పాంజి తొడుగు కూడా వేశాను. సీతమ్మధారలో ఉన్న ఒక మిత్రురాలు నడుస్తున్న తన ఫిల్టర్ నుంచి పాత స్పాంజి ఇస్తానన్నారు. మొక్కలు నాటిన రోజే అది తెచ్చి నడిమి బుట్టలో చేరుస్తాను. జియోలైట్ కొనలేదు. ప్యూరిజెన్‌ను దుంగ రంగు చూశాక నిర్ణయిస్తాను.

ఒక్క సందేహం మిగిలింది. పై దూదిని కడిగి వాడాలా, మార్చేయాలా? గొట్టం మూతికి వేసిన తొడుగును ఎంత తరచుగా తీయాలి?

నీటిమల్లి, సీతమ్మధార

దూదిని మార్చేయండి. అది సన్నటి మడ్డిని పట్టి త్వరగా బిగుసుకుపోతుంది, కడిగితే పొరలు అతుక్కుపోయి నీటిని ఇంకా అడ్డుకుంటుంది. అమ్మోనియాను మార్చే జీవులు మీ స్పాంజిల్లోనూ పీచులోనూ ఎలాగూ ఉంటాయి కాబట్టి దాన్ని పారేసినందువల్ల తొట్టికి లోటు రాదు. మొక్కలు నాటిన తొలి వారాల్లో కరిగిన ఆకుల ముక్కలు ఎక్కువగా తేలుతాయి, అప్పుడు వారానికొకసారి చూసుకోండి.

మూతి తొడుగు విషయంలో తేదీలు పెట్టుకోకండి. ఫిల్టర్ నుంచి తిరిగి వచ్చే నీరు ఎదుటి గాజు దగ్గరి వాలిస్నేరియా ఆకులను ఎంతగా ఊపుతోందో మొదటి రోజునే బాగా గమనించి పెట్టుకోండి. ఆ ఊపు తగ్గినట్లు కనిపించిన రోజున ముందు తొడుగును తీసి బకెట్ నీటిలో పిండండి. అప్పటికీ ఊపు రాకపోతే కింది బుట్ట తెరవండి. తొడుగు తీసేముందు పంపు ఆపడం మరవద్దు, దాని మీద మేత ఏరుకొనే చెర్రీ రొయ్యలు ఎప్పుడూ నాలుగైదు ఉంటాయి.